వైరింగ్ బాగానే ఉందన్నాను

పదకొండేళ్లుగా నేనొక బరువు మోస్తున్నాను. మోస్తున్నానని ఎవరికీ తెలియదు. నా భార్యకి తెలియదు. ఒక్కోసారి నాకే తెలియదు. పనిలో పడితే వారాల తరబడి గుర్తుకు రాదు. ఆ తర్వాత ఏదో ఒక రోజు ఒక బండి షెడ్డులోకి వస్తుంది, దాని కింద గుంతలోకి దిగి తల పైకెత్తితే నల్లటి వైర్ల కట్ట కనిపిస్తుంది, చేయి అక్కడే ఆగిపోతుంది. ఏమైందని అడిగితే మెడ పట్టేసిందంటాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. మనుషుల పేర్లు మార్చాను. నా పేరైతే అసలే చెప్పను. అది పిరికితనమే. కానీ పేరు చెప్పాల్సి వస్తే ఇది కూడా రాయనని నాకు తెలుసు.

నేను బండ్ల ఎలక్ట్రీషియన్ని. ఎల్‌బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు పోయే దారిలో, ఒక సందులో నా షెడ్డు. నాలుగు చక్రాలూ లాగే బండ్లు, అంటే గుట్టల్లో, బురదలో తిరిగేవి, వాటి వైరింగూ సెన్సార్లూ చూడటం నా పని. ఎక్కడా దొరకని తప్పు నా దగ్గర దొరుకుతుందని పేరు. తుర్కయంజాల్ అవతలి నుంచి వస్తారు, విజయవాడ రోడ్డు మీది ఊళ్ల నుంచి వస్తారు. 'మీ చూపు తప్పదండీ' అంటారు. అన్నప్పుడల్లా నవ్వుతాను. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలియదు, అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ షెడ్డు నాది కాదు. ఇప్పుడు నాదే, కానీ మొదట సుదర్శనన్నది.

సుదర్శనన్న నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. పోచంపల్లి దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టాడు. మగ్గం వదిలేసి హైదరాబాద్ వచ్చి గేర్‌బాక్సుల పని నేర్చుకున్నాడు. మా వాళ్లు రేపల్లె వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. నాన్నది చిన్న ఉద్యోగం. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, రెండు కంపెనీల్లో ఇమడలేక, మీటరూ టంకం కడ్డీ పట్టుకుని వీధిలో పడ్డప్పుడు, తన షెడ్డులో సగం చోటు ఇచ్చినవాడు సుదర్శనన్న. 'ఇనుము నేను చూస్త, కరెంటు నువ్వు చూడు' అన్నాడు. అంతే ఒప్పందం.

అతని పని మీరు చూసుండాల్సింది. గేర్‌బాక్సు విప్పాడంటే, ఒక పాత దుప్పటి పరిచి, ఒక్కో ముక్కనూ విప్పిన వరసలో దాని మీద పెట్టేవాడు. ఆ దుప్పటి దగ్గరికి ఎవరూ పోకూడదు. కళ్లు మూసుకుని బేరింగు తిప్పి, వేళ్లతోనే అరుగుదల చెప్పేవాడు. అతని చేతి నుంచి పోయిన గేర్‌బాక్సు తిరిగొచ్చిన రోజు నేను చూడలేదు. ఆ ఒక్క బండి తప్ప.

ఆ బండి ఒక డాక్టరమ్మది. గుంటూరు వైపు మనిషి, యాభై దాటిన ఆవిడ, దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న క్లినిక్. ఆదివారాలు మాత్రం మందుల పెట్టెలు వేసుకుని, తనే నడుపుకుంటూ, నల్లమల అంచున ఉన్న గూడేలకు పోయేది. దారి లేని చోట్లు అవి. రాళ్ల మీదుగా, వాగులకు అడ్డంగా పోవాలి. అందుకే ఆ బండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అలాంటి బండ్లలో గేర్‌బాక్సు వెనక ఇంకో పెట్టె ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటాం. ఇంజను బలాన్ని వెనక చక్రాలకే ఇవ్వాలా, నాలుగింటికీ ఇవ్వాలా, ఎంత మెల్లగా ఇవ్వాలా అన్నది అది చూసుకుంటుంది. పాత బండ్లలో దానికి ఇనుప కర్ర ఉండేది. ఈ బండిలో డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి మీట. అది తిప్పితే పెట్టె మీదున్న చిన్న మోటరు లోపలి పళ్లను జరుపుతుంది. జరిగాయా లేదా అని ఒక సెన్సార్ చెప్తుంది. సెన్సార్ చెప్పింది నమ్మి మోటరు ఆగుతుంది. సెన్సార్ మాట తప్పితే మోటరు ఎక్కడ ఆగాలో తెలియక మధ్యలో ఆగిపోవచ్చు. మధ్యలో ఆగితే ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. అప్పుడు బండిని గేర్‌లో పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

డాక్టరమ్మ బండి ఆ పెట్టెలో రొద వస్తోందని వచ్చింది. సుదర్శనన్న దించి, విప్పి, లోపలి గొలుసూ బేరింగులూ మార్చాడు. దించే ముందు వైర్లు ఊడదీసింది నేను, ఎక్కించాక తగిలించింది నేను. తగిలించేటప్పుడు, పెట్టె నెత్తిన వైర్ల కట్టను బండి అడుగుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు నా వేళ్ల మధ్య విరిగింది. వేడికి ఎండి పెళుసెక్కిన క్లిప్పు. టక్కున శబ్దం. రెండు ముక్కలు. ఒకటి గుంతలో పడింది, ఒకటి చేతిలో మిగిలింది.

కొత్తది వెయ్యాలి. అది మా సందులో దొరకదు. ఆ రోజు శనివారం, సాయంత్రానికి బండి కావాలని డాక్టరమ్మ చెప్పింది. వైర్లను పెట్టె మీదకి తోసి, కదలకుండా దూర్చాను. వచ్చే వారం పిలిపించి క్లిప్పు వేద్దామనుకున్నాను. అనుకున్నానా? అనుకున్నాననే గుర్తు. కానీ ఆ గుర్తు అప్పటిదా, తర్వాత నేను కుట్టుకున్నదా అన్నది ఇప్పుడు తేల్చుకోలేను.

అక్కడిదాకా అది నిర్లక్ష్యం. నేరం కాదు. అందరం చేస్తాం.

రెండు వారాలకి బండి తిరిగొచ్చింది. రొద లేదు, కానీ గుట్టల్లో మీట తిప్పితే డ్యాష్‌బోర్డు మీద లైటు మిణుకుమిణుకుమంటోందట. ఒక్కోసారి పళ్లు పడుతున్నాయి, ఒక్కోసారి పడటం లేదు.

అప్పటికి మా సందులో కంప్యూటర్ స్కానర్ ఉన్నది నా ఒక్కడికే. కొత్తగా తెచ్చాను. దాన్ని తగిలించి బండి లోపలి మాట తెర మీద చదవడం, చుట్టూ నలుగురు నిలబడి చూడటం, అదంతా నాకు బాగుండేది. ఆ రోజూ తగిలించాను. పళ్ల చోటు చెప్పే ఆ సెన్సార్‌లో తప్పు ఉందని బండి ఒక పాత కోడు గుర్తుపెట్టుకుని ఉంది. గుంతలో దిగి, చేయి అందే చోట మీటరు పెట్టి చూశాను. సెన్సార్‌కి పోయే ఐదు వోల్టులూ ఉన్నాయి. ఎర్తు బాగుంది. మీట తిప్పితే సిగ్నల్ ఎంత మారాలో అంతే మారుతోంది. తెర మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి.

నిలబడి ఉన్న బండిలో అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఇంజను బలంగా లాగుతున్నప్పుడు గేర్‌బాక్సు తన రబ్బరు దిండ్ల మీద కొంచెం మెలి తిరుగుతుంది, వేలు మందం, అంతే. ఆ వేలు మందంలోనే తప్పు ఉండొచ్చు. ఇది డిప్లొమా మొదటి ఏడాది కుర్రాడికి కూడా చెప్తారు. అలాంటప్పుడు వైర్ల కట్టను చేత్తో లాగుతూ, ఊపుతూ, మీటరు చూడాలి. ఆ కట్ట పెట్టె నెత్తిన ఉంది. అక్కడికి చేయి పోవాలంటే కింది అడ్డకమ్మీ విప్పి పెట్టెను కొంచెం దించాలి. సగం రోజు పని.

నేను దించలేదు.

సుదర్శనన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. లోపల పళ్లను జరిపే ఫోర్కు పట్టేస్తోందేమో, సెన్సార్ నిజమే చెప్తోందేమో అన్నాను. అతను ఒప్పుకోలేదు. తను చేత్తో తిప్పి చూశానన్నాడు, వైర్లు ఒకసారి లాగి చూడమన్నాడు. చూశానన్నాను.

చూడలేదు. అది మొదటి అబద్ధం. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. బద్ధకమా? అందరి ముందూ తెర మీద అంతా బాగుందని చెప్పేశాక మళ్లీ చేత్తో వైర్లు ఊపడం చిన్నతనమనిపించిందా? ఆ క్షణంలో విరిగిన క్లిప్పు నాకు గుర్తుందా? ఎన్ని వందల సార్లు ఆ క్షణంలోకి వెళ్లి చూశానో. ఒక్కోసారి గుర్తుందనిపిస్తుంది. ఒక్కోసారి ఖచ్చితంగా లేదనిపిస్తుంది. గుర్తుంటే నేను దుర్మార్గుణ్ణి, లేకపోతే సోమరిని. ఈ రెండింటిలో ఏదో తెలిస్తే బాగుండునని, పదకొండేళ్లుగా, దాని చుట్టూనే తిరుగుతున్నాను.

కోడు చెరిపేసి బండి ఇచ్చేశాం. గట్టి రోడ్డు మీద నడిపితే ఏ లైటూ వెలగలేదు.

తర్వాతి ఆదివారం డాక్టరమ్మ ఒక గూడేనికి ఎక్కే రాళ్ల దారిలో బండి ఆపింది. లైటు మళ్లీ మిణుకుమిణుకుమంటుంటే మీట ఒకసారి వెనక్కీ ముందుకీ తిప్పింది. తర్వాత ఇంజను ఆపి, గేర్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి దిగబోయింది. మోటరు మధ్యలో ఆగిపోయి ఉంది. గేర్‌కీ చక్రాలకీ సంబంధం లేదు. ఆ వాలు మీద హ్యాండ్ బ్రేక్ ఒక్కటే బండిని పట్టుకోలేకపోయింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు బండిలో ఉండగా బండి వెనక్కి జారింది. ఆవిడ కుడి చేయి ఒంటి కింద నలిగేలా రాళ్ల మీద పడిపోయింది. బండి పోయి ఒక బండరాయికి గుద్దుకుని ఆగింది. గూడెం వాళ్లే ఆవిడని మోసుకెళ్లి రోడ్డు దాకా చేర్చారట.

మణికట్టు రెండు చోట్ల విరిగింది. ప్రాణాలకేం కాలేదని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కుట్లు వేసే చేయి అదని ఎవరూ అనలేదు.

బండి లాగించుకుని మా షెడ్డుకే తెచ్చారు. పెట్టె దించే ముందు వైర్లు ఊడదీయమని సుదర్శనన్న నన్ను పిలిచాడు. అడ్డకమ్మీ విప్పాక పెట్టె నాలుగు వేళ్లు కిందికి దిగింది. లైటు పట్టుకుని చూశాను. నేను దూర్చిన చోట వైర్ల కట్ట లేదు. జారి, పక్కనున్న ఇనుప రేకు అంచు మీద పడి ఉంది. రెండు వైర్ల తొడుగు గీక్కుపోయి లోపలి రాగి కనిపిస్తోంది. సన్నగా, కొత్తగా, మెరుస్తోంది. ఆ మెరుపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

నేనప్పుడు 'అన్నా, ఇటు చూడు' అనాలి. మూడు మాటలు. అతను మూడు అడుగుల దూరంలో పానాలు ఏరుకుంటున్నాడు.

నేను వైర్లు ఊడదీసి, కట్టను పక్కకి తోసి, గుంతలోంచి పైకి వచ్చాను.

రెండు రోజులు సుదర్శనన్న ఆ దుప్పటి దగ్గర కూర్చున్నాడు. ప్రతి ముక్కనూ చూశాడు, కొలిచాడు, కడిగాడు, మళ్లీ చూశాడు. ఏమీ లేదు. ఉండదు కదా. అతను టీకి పోయినప్పుడు నేను ఆ రెండు వైర్లకూ తొడుగు వేసి, టేపు చుట్టి, ఆటోనగర్ నుంచి తెచ్చుకున్న కొత్త క్లిప్పు పెట్టాను. ఈసారి వైర్లు రేకుకి జానెడు దూరంలో నిలబడ్డాయి. చాలా శుభ్రంగా చేశాను. అంత శ్రద్ధగా అంతకుముందు చేసి ఉంటే.

నన్ను నేను ఇలా సమాధానపరచుకున్నాను: బండి బాగైంది, ఇంక ఎవరికీ దెబ్బ తగలదు, ఇంకేం కావాలి? అది ఎంత పెద్ద తప్పో ఆ సాయంత్రమే తెలిసింది. పెట్టె ఎక్కించాక సుదర్శనన్న బండిని సాగర్ రోడ్డు మీదుగా తుర్కయంజాల్ దాటించి, ఒక పాత క్వారీ దారికి తీసుకెళ్లాడు. పక్కన నేను. అక్కడి ఏటవాలు మీద పదిసార్లు ఎక్కించాడు, దించాడు, ప్రతిసారీ మీట తిప్పాడు. ప్రతిసారీ పళ్లు పడ్డాయి. లైటు ఒక్కసారి కూడా మిణకలేదు. ఇంకొకరైతే సంతోషపడేవారు. అతని ముఖం వాడిపోయింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పుడు బాగుందంటే, మొదటిసారి తనే ఏదో తప్పుగా కూర్చోబెట్టాడన్న మాట. అదే కదా ఎవరైనా అనుకునేది. నేను దొంగచాటుగా చేసిన రిపేరే అతని మీద సాక్ష్యమైంది.

ఆ దారిలో చెప్పొచ్చు. ఇద్దరమే ఉన్నాం. తిరిగొస్తుంటే ఎల్‌బీ నగర్ కూడలి దగ్గర మెట్రో స్తంభాల పని జరుగుతోంది, గంటసేపు ఇరుక్కున్నాం. ఆ గంటలో నేను వాన గురించి మాట్లాడాను.

మరుసటి వారం డాక్టరమ్మ వచ్చింది. చేతికి కట్టు, మెడలో గుడ్డ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆవిడ అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

"మిమ్మల్ని తిట్టడానికి రాలేదయ్యా. ఆ బండి మీద ఇంకో డాక్టరు గారు కూడా వెళ్తారు. అసలు ఏం జరిగిందో తెలిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. తేడా ఎక్కడ వచ్చింది?"

సుదర్శనన్న నా వైపు తిరిగాడు. నిలదీసినట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"తమ్మీ, నీ కరెంటు దిక్కు ఏమన్న ఉండెనా? ఉంటె చెప్పు, ఏం కాదు."

"లేదన్నా. వైరింగ్ బాగానే ఉంది. మూడుసార్లు చూశాను."

అతను తల ఊపాడు. డాక్టరమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మరి నా చెయ్యే తప్పింది మేడం. ఎట్ల తప్పిందో నాకే సమజ్ అయితలేదు. గానీ నాదే. మాఫ్ చెయ్యుండ్రి."

ఆవిడ ఎడమ చేత్తో అతని చేతులు పట్టుకుని కిందికి దించింది. పొరపాటు ఎవరికైనా జరుగుతుందంది. వెళ్లిపోయింది.

'ఉంటె చెప్పు, ఏం కాదు' అన్నాడు. తలుపు అంత బార్లా తెరిచాడు. నేను ఎందుకు లోపలికి పోలేదు? భయమా? దేనికి? ఆవిడ కేసు పెట్టే మనిషి కాదని చూస్తూనే తెలుస్తోంది. అసూయా? ఉందేమో. అందరూ అతని చేతుల గురించే మాట్లాడేవారు. నేను చదువుకున్నవాణ్ణి, స్కానర్ ఉన్నవాణ్ణి, అయినా షెడ్డుకి వచ్చేవాళ్లు 'సుదర్శన్ లేడా' అనే అడిగేవారు. ఆ ఒక్క తప్పు అతని ఖాతాలో పడితే ఇద్దరం సమానమవుతామని లోపల ఎక్కడో అనిపించిందా? అనిపించిందని చెప్పేస్తే తేలికైపోతుంది, కథ కుదురుతుంది. కానీ ఒట్టేసి చెప్పలేను. నోరు తెరిస్తే 'లేదన్నా' అని వచ్చింది. ముందే లోపల తయారై ఉన్నట్టు వచ్చింది. ఎవరు తయారుచేశారు? నేనే కదా. ఎప్పుడు?

తర్వాత సుదర్శనన్న పని మారిపోయింది. ఒకసారి బిగించిన నట్టు మూడుసార్లు విప్పి చూసేవాడు. బండి ఇచ్చేశాక ఫోన్ చేసి ఎట్లుందని అడిగేవాడు. ఒక రోజు ఒక గేర్‌బాక్సు విప్పి దుప్పటి మీద పరిచి, సాయంత్రం దాకా దాన్నే చూస్తూ కూర్చుని, ఆ పని ఇంకొకరికి ఇవ్వమని ఆ బండి మనిషికి చెప్పేశాడు. ఏడాదిలోపే పని మానేశాడు. షెడ్డు కిరాయి కాగితం నా పేరు మీదికి మార్పించాడు. 'నీకు నజర్ ఉన్నది తమ్మీ, నువ్వు నడిపియ్యి' అన్నాడు. అతని మాట విని నేను సంతకం పెట్టాను. సంతకం పెట్టేటప్పుడు చేయి ఆగలేదు. అది కూడా చెప్పాలి.

డాక్టరమ్మ చేయి అతుక్కుంది కానీ వేళ్లకి పాత పట్టు రాలేదని విన్నాను. కొన్నాళ్లు గూడేలకు పోయి, తర్వాత మానేసింది. క్లినిక్ మూసి ఎక్కడికో వెళ్లిపోయింది. ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేం కాదు. నేను కనుక్కోలేదు.

సుదర్శనన్న ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల బంధువుల చీరల దుకాణంలో పనిచేస్తున్నాడు. నాలుగేళ్ల కిందట నా భార్య అక్కడికే పోదామంది. తప్పించుకోలేకపోయాను. తెల్లటి పరుపు మీద కూర్చుని, పోచంపల్లి చీరలు ఒక్కొక్కటీ విప్పి చూపించాడు. నా భార్య ఊరికే మాట కలిపి, అంత మంచి పని ఎందుకు వదిలేశారన్నయ్యా అని అడిగింది. అతను చీర మడత పెడుతూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"ఒక డాక్టరమ్మ చెయ్యి ఇరగ్గొట్టిన చెల్లె, ఈ చేతులతోని. దేవుని లెక్క మనిషి. గప్పటి సంది ఇనుము ముట్టాలంటె దడ. చీరైతె మంచిది, జారి పడ్డా ఎవలకూ దెబ్బ తాకదు."

నా భార్య అయ్యో అంది. నేను చీర అంచు చూస్తూ కూర్చున్నాను. నా తప్పును అతను అంత మామూలుగా, తన సొంత వస్తువులా, పరాయివాళ్ల ముందు పెట్టుకున్నాడు. నేను మోస్తున్నాననుకున్న బరువు నేను మోయడం లేదని ఆ రోజు తెలిసింది.

అయినా ఇంకో నాలుగేళ్లు ఊరుకున్నాను. చూడండి నన్ను.

పోయిన నెలలో ఒక బండి వచ్చింది. అదే రకం, అదే మిణుకు. ముగ్గురు చూసి వదిలేశారట. నేను స్కానర్ తియ్యలేదు. అడ్డకమ్మీ విప్పించి, వైర్ల కట్ట మీద చేయి వేసి ఊపాను. మీటరు ముల్లు దూకింది. బండాయన నోరు తెరిచి, చూడకుండానే ఎలా కనిపెట్టారండీ అన్నాడు. చేతులు కడుక్కుని, షెడ్డు వదిలేసి, మధ్యాహ్నం మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. ఇప్పుడు కాకపోతే ఇంక ఎప్పటికీ కాదనిపించింది.

సుదర్శనన్నను దుకాణం పక్కన టీ కొట్టుకి తీసుకెళ్లాను. చెప్పాను. క్లిప్పు విరగడం, చూడకుండా చూశాననడం, రాగి కనిపించడం, టేపు చుట్టడం. అంతా వరసగా చెప్పాను. చెప్తున్నంతసేపూ అతను అడ్డు రాలేదు. అయిపోయాక, ఎన్ని వైర్లని అడిగాడు. రెండన్నాను. ఏ పక్కన అని అడిగాడు. చెప్పాను. కొంచెంసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

తర్వాత అతను నవ్వాడు. నా భుజం మీద చేయి వేశాడు.

"నువ్వు మంచోనివి తమ్మీ. నా పరేషాన్ చూడలేక నీ మీద ఏసుకుంటున్నవ్. గీ హైదరాబాద్‌ల నీ కంటికి దొరకని వైరు ఉంటదా? మూడు సార్లు చూసినవ్ నువ్వు. నాకు యాది లేదా?"

నిజంగానే చెప్తున్నానన్నా అన్నాను. ఒట్టేశాను. గొంతు పెరిగింది, పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. అతను ఇంకా జాలిగా చూశాడు. 'ఊకో తమ్మీ, గదంత అయిపోయిన ముచ్చట' అన్నాడు. టీ తాగి, దుకాణంలో జనం ఉన్నారని లేచి వెళ్లిపోయాడు.

నా దగ్గర రుజువు లేదు. ఆ క్లిప్పు ముక్క ఎప్పుడో ఊడ్చుకుపోయింది. బండి ఎవరి చేతుల్లో ఉందో తెలియదు. నా మాట ఒక్కటే ఉంది, ఆ మాటని పదకొండేళ్ల కిందటే అతని ముందు ఖర్చుపెట్టేశాను. ఆ అబద్ధం మీద కట్టుకున్న పేరే ఇప్పుడు నా నిజానికి అడ్డం నిలబడింది. తప్పు ఒప్పుకోవడానికి పోయి, మంచివాడినని అనిపించుకుని వచ్చాను. మెట్రోలో నిలబడి వస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఒక్కోసారి ఇంకో అనుమానం వస్తుంది: అతను నమ్మాడేమో, నమ్మితే నన్నేం చెయ్యాలో తెలియక నమ్మనట్టు నటించాడేమో. ఆ చేతులు చూసుకున్న కొంచెంసేపట్లో ఏం జరిగింది? అడగడానికి ధైర్యం లేదు.

మళ్లీ పోతాను, నమ్మేదాకా చెప్తాను అని ఇక్కడ రాయాలనుంది. డాక్టరమ్మ చిరునామా కనుక్కుంటానని రాయాలనుంది. రాస్తే మీరు నన్ను కొంచెం మంచిగా చూస్తారు. కానీ చేస్తానో లేదో నాకు నిజంగా తెలియదు, ఇంకొక అబద్ధం చేర్చలేను.

చేయగలిగింది చేస్తున్నాను. క్లిప్పు విరిచింది నేను. చూడకుండా చూశానన్నది నేను. చూశాక కూడా లేదన్నది నేను. ఈ మూడు వాక్యాలూ ఒకచోట పెట్టడం ఇదే మొదటిసారి. షెడ్డులో ఎవరూ లేరు, అందరూ భోజనాలకి పోయారు. ఒకసారి పైకి చదువుకున్నాను. ఊపిరి కొంచెం లోతుగా వచ్చింది. కాదనడానికి ఈసారి ఎవరూ లేరు.